గళ్ళక్క గీసిన గొడవ

గళ్ళక్క కంప్యూటర్లో గీసిన మొదటి మనిషి వెదురుబొంగులా వచ్చాడు. సన్నటి తల, బారెడు మెడ, నడుము నుంచి కిందికి రెండు నిట్రాళ్ళు. ఆమె మరిది కుర్చీలో వెనక్కి వాలి, తల అటు వంచి ఇటు వంచి ఆ బొమ్మను చూశాడు.

"వదినా, ఈయన్ని తల ఒకరూ కాళ్ళు ఒకరూ పట్టుకుని లాగారా?"

"ఎందుకూ? లక్షణంగా ఉంటేనూ!"

"లక్షణమే. గుమ్మంలోంచి రావాలంటే మాత్రం నాలుగు మడతలు పెట్టి తేవాలి."

గళ్ళక్కకు నిజంగానే తప్పు కనబడలేదు. ఆమె ఉద్యోగం స్వెటర్ల ఫ్యాక్టరీలో నమూనాలు గీయడం. గళ్ళ కాగితం మీద ఒక్కో గడికీ ఒక్కో రంగు నింపి ఇస్తే, యంత్రాల దగ్గరివాళ్ళు ఒక్కో గడినీ ఒక్కో కుట్టుగా అల్లుతారు. ముప్పై ఏళ్ళుగా ఆమె చేతి మీదుగా జింకలు, పడవలు, గొడుగు పట్టిన పిల్లలు వెళ్ళారు. ఊళ్ళో సగంమంది ఛాతీల మీద ఆమె జింకలే తిరుగుతున్నాయి. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప మరెక్కడా కనబడదు. ఫ్యాక్టరీ మొత్తానికి ఆమె గళ్ళక్క.

కిటుకంతా ఆ కుట్టులో ఉంది. అల్లికలో కుట్టు వెడల్పుగా, పొట్టిగా ఉంటుంది. కాగితం మీద గుండ్రంగా గీసిన బంతి స్వెటరు మీదికి వచ్చేసరికి, ఎవరో దానిమీద కూర్చుని లేచినట్టు నలిగి కనిపిస్తుంది. అందుకని నమూనా గీసేవాళ్ళు ప్రతి బొమ్మనూ ముందే నిలువుగా సాగదీస్తారు. పది గడుల వెడల్పు ఉండాల్సినదానికి పదమూడు గడుల ఎత్తు. కాగితం మీద ఒంటెలా ఉన్నది ఒంటి మీదికి వచ్చాక జింక అవుతుంది. ముప్పై ఏళ్ళలో ఆ సాగదీత ఆమె కంట్లోకి ఇంకిపోయింది.

ఆమె స్కేలు తీసి తెర మీద పెట్టింది. అడ్డంగా కొలిచింది, నిలువుగా కొలిచింది. ఒక్కసారిగా కుర్చీలో ఎగిరి కూర్చుంది.

"ఒరే అబ్బాయ్! ఇక్కడ కుట్టు కూడా గడిలాగే అన్ని పక్కలా సమానమా!"

"పిక్సెల్ అంటే అంతే కదా, అన్ని పక్కలా సమానమైన చుక్క."

"ముందే చెప్పొద్దూ! అయితే చూసింది చూసినట్టే గీసెయ్యొచ్చు. చూసింది చూసినట్టే!"

వంకర అద్దంలో ముప్పై ఏళ్ళు తల దువ్వుకున్న మనిషికి తిన్నటి అద్దం దొరికింది. ఆ సాయంత్రం ఆమె బంతులు గీసింది. గుండ్రటి బంతులు, వరసగా పదకొండు. కొత్త విద్యకు ఖాళీ బుర్ర కావాలని పెద్దలు చెబుతుంటారు. ఖాళీ బుర్రలకు లోకంలో కరువేమీ లేదు, వాటిలో ఒక్కటైనా బంతి గీసిన దాఖలా మాత్రం కనబడదు.

ఇంతకీ యాభై రెండేళ్ళ వయసులో ఆమె మరిది షాపులో ఎందుకు కూర్చుందో చెప్పాలి.

ఫ్యాక్టరీలో అతుకుల విభాగం ఒకటుంది. అల్లిన ముందు భాగం, వెనక భాగం, చేతులు, అన్నిటినీ కుట్టుకు కుట్టు కలిపి స్వెటరుగా చేసేది అక్కడే. దానికి పెద్ద సూదక్క. ఆ పేరు చేతిలో సూది వల్ల వచ్చిందో, నోట్లో సూది వల్ల వచ్చిందో ఎవరూ తేల్చలేదు. పదకొండేళ్ళు ఆవిడా గళ్ళక్కా ఒకే బల్ల దగ్గర భోజనం చేశారు, ఒకే బస్సులో ఇళ్ళకు వెళ్ళారు, ఒకరినొకరు ఆటపట్టించుకోవడానికే పనికి వస్తున్నారా అన్నట్టు ఉండేవాళ్ళు.

మూడేళ్ళ కిందట గళ్ళక్క ఒక పెద్ద నమూనా కోసం రెండు కాగితాలు కలిపి అంటించింది. అంటించిన చోట ఒక గళ్ళ వరుస జిగురు కింద దాక్కుంది. దాంతో ఎడమ చేతి నమూనాలో ఒక వరుస తగ్గింది. నూట నలభై స్వెటర్లు అతికాక ఎవరో ఒకటి ఎత్తి చూస్తే, రెండు చేతుల మీది జింకలూ సమంగా లేవు. ఒకటి రోడ్డు మీద ఉంటే ఒకటి గుంటలో ఉంది. సూదక్క మనుషులు రెండు ఆదివారాలు కూర్చుని అన్నీ విప్పి, మళ్ళీ అతికారు.

ఆ తప్పుకు ఎవరూ మూడేళ్ళు మాట మానరు. గళ్ళక్క ఆ రోజు పదిమంది ముందూ ఒక మాట అంది: "మొదటిది అతికాక ఒకసారి చూసుకోవద్దూ?" సూదక్క చేతికందింది విసిరికొట్టి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత వాళ్ళ మధ్య నడిచిన మాటలన్నీ ఇస్త్రీ బాబాయి నోటి మీదుగానే నడిచాయి. స్వెటర్లు ఇస్త్రీ చేసే ఆయన బల్ల సరిగ్గా ఇద్దరి మధ్యా ఉండేది. పాపం ఆయన చేసిన నేరం అదొక్కటే.

"బాబాయ్, ఎనిమిదో నంబరు ముక్కలు ఇంకా రాలేదని ఆవిడకు చెప్పు" అనేది సూదక్క.

"అమ్మాయ్, ఎనిమిదో నంబరు..."

"విన్నాను బాబాయ్. రేపొస్తాయని చెప్పు."

"రేపొస్తాయట."

"నాకూ చెవులున్నాయని చెప్పు."

ఒక్క క్షమాపణతో పోయేదానికి ఇంత రాద్ధాంతమా అనేవాళ్ళుంటారు. వాళ్ళొకసారి పదిమందిలో అన్న మాటను పదిమందిలో వెనక్కి తీసుకుని చూడాలి. గళ్ళక్క ప్రయత్నించకపోలేదు. అదీ బాబాయి ద్వారానే. ఆయన ఇస్త్రీపెట్టె దించకుండానే "అమ్మాయ్, ఆవిడ సారీ అట" అన్నాడు, ఎనిమిదో నంబరు ముక్కల కబురు చెప్పే గొంతుతోనే. "సరే అని చెప్పు" అంది సూదక్క. అక్కడితో సరి.

ఇప్పుడేమో అతుకుల విభాగాన్ని మొత్తంగా ఊరి అవతలి కొసన కట్టిన కొత్త షెడ్డుకు మారుస్తున్నారు. ఇరవై రోజులు గడువు. ఆ తర్వాత ఒకే బల్ల ఉండదు, ఒకే బస్సు ఉండదు, మధ్యలో బాబాయి కూడా ఉండడు. మాట లేకుండా సూదక్క వెళ్ళిపోతే ఇక మాట ఉండదు. గళ్ళక్కకు ఆ సంగతి అన్నం ముద్ద దగ్గర గుర్తొచ్చేది, బస్సులో పక్క సీటు ఖాళీగా కనబడ్డప్పుడు గుర్తొచ్చేది.

సరిగ్గా ఆ వారంలోనే ఆమె తాళంచెవి ఇవ్వడానికి మరిది షాపుకు వెళ్ళింది. మెట్ల కింద ఇరుకు గది. పాత వీడియో గేముల యంత్రాలు బాగుచేస్తాడు. బల్ల నిండా విప్పిన పెట్టెలు, రంగు రంగుల తీగలు, మూత లేని స్క్రూల డబ్బాలు. గోడకు ఒక కాగితం అంటించి ఉంది. మూడు ఫ్రేముల కథ. మొదటిదాంట్లో ఒకాయన టీ కప్పు గేము పెట్టె మీద పెడతాడు. రెండోదాంట్లో కప్పు వాలుతుంది. మూడోదాంట్లో ఆయనా, గేమూ ఇద్దరూ కళ్ళు తేలేసి పడుంటారు. బొమ్మలు బొటనవేలి గోరంత.

గళ్ళక్క ముక్కు గోడకు ఆనేంత దగ్గరికి వెళ్ళింది.

"ఇవి గళ్ళు కదూ?"

"గళ్ళే. పాత గేముల్లో మనుషులు ఇలాగే ఉండేవాళ్ళు. స్ప్రైట్లంటారు. ఒక్క మనిషిని గీసుకుంటే చాలు, చెయ్యి మార్చి, తల తిప్పి, కథంతా వాడితోనే లాగించొచ్చు. చాలామంది పేరున్న గేముల్లోంచి బొమ్మలు ఎత్తుకొస్తారు. మనకా ఖర్మ లేదు, మనవి సొంత బొమ్మలు."

"మాట్లాడతాయా?"

"నెత్తిన బుడగ పెట్టి రాస్తే ఎందుకు మాట్లాడవూ?"

గళ్ళక్క మళ్ళీ గోడకేసి తిరిగింది. నోట పెగలని మాటకు బుడగ! పైగా అంతా గళ్ళలో. ఈ లోకంలో ఆమెకు ఏదైనా బాగా వచ్చంటే గడి నింపడమే వచ్చు.

"నాకు నేర్పు."

"తీరిగ్గా నేర్పుతాలే వదినా."

"తీరిక కుదరదు. పదిహేడు రోజుల్లో నేర్పు. కథ మా ఫ్యాక్టరీ భోజనాల హాలు గోడ మీద ఉండాలి. పదిమందీ చూడాలి."

అలా రోజూ ఆరింటికి, డ్యూటీ దిగి నేరుగా, ఆమె మెట్ల కింద గదికి రావడం మొదలైంది.

మనిషి పొడవు సరిపడ్డాక రెండో చిక్కు వచ్చింది. ఆమె గీసిన నీలం చొక్కా మీద ప్రతి అయిదు చుక్కలకూ ఒక తెల్లచుక్క ఉంది. ప్యాంటు మీదా అంతే. మరిది కళ్ళు చికిలించాడు.

"ఈయనకు ఆటలమ్మ పోసిందా?"

ఆమె నాలిక కరుచుకుంది. రెండు రంగుల అల్లికలో, పైకి కనబడని దారం స్వెటరు వెనకవైపు సాగుతూ పోతుంది. అయిదు కుట్లు దాటి వదిలేస్తే ఆ దారం వేలాడి వేళ్ళకు తగులుకుంటుంది. అందుకని అయిదింటికొకసారి రెండో రంగు కుట్టు వేసి దారాన్ని బిగిస్తారు. ఆ చెయ్యి ఇక్కడా ఊరుకోలేదు.

"ఈ తెర వెనక దారాల్లేవు వదినా. సాదాగా వదిలెయ్."

"పన్నెండు గడులు వరసగా ఒకే రంగు వెయ్యొచ్చా?"

"నూట ఇరవై వేసుకో."

వేసింది. పకపకా నవ్వింది. "దొంగతనం చేసినంత హాయిగా ఉందిరా!"

నాలుగో రోజుకు ఆరు ఫ్రేముల చిన్న కథ కట్టింది. ఒకడు నీళ్ళు ఒలకబోసి, ఆ నీళ్ళలోనే జారిపడి, కట్టు కట్టించుకునే కథ. మరిది చదివి బుర్ర గోక్కున్నాడు.

"ముందు కాలికి కట్టు కట్టించుకుని, తర్వాత జారిపడి, ఆఖర్న నీళ్ళు ఒలకబోశాడా? మహానుభావుడే! జరగబోయేది ముందే తెలిసినట్టుంది."

"నువ్వు పైనుంచి చదువుతున్నావేంటి? కింద కుడి మూల నుంచి చదువు."

"కింద నుంచా? లోకంలో ఎవరు చదువుతారు అలా?"

"మా ఫ్యాక్టరీలో నాలుగొందలమంది చదువుతారు."

అదీ నిజమే. స్వెటరు కింది అంచు నుంచి పైకి పెరుగుతుంది కాబట్టి నమూనాను కింద కుడి మూల నుంచే మొదలుపెడతారు. ఆమె ఒక కాగితప్పట్టీ మీద 'పైన మొదలు' అని రాసి తెర అంచుకు అంటించింది. బుడగల సంగతీ అప్పుడే తెలిసింది: ముందు మాట్లాడేవాళ్ళ బుడగ పైన, ఎడమవైపు ఉండాలి, లేకపోతే జవాబు ముందొచ్చి ప్రశ్న వెనకాల వస్తుంది. వాళ్ళింట్లో ఎలాగూ అంతేనని మరిది అన్నాడు, అది వేరే విషయం.

అసలు పని అక్కడ మొదలైంది. కథలో ముగ్గురు మనుషులు. ఒక్కొక్కరికీ పదహారు చుక్కల వెడల్పు, ఇరవై నాలుగు చుక్కల ఎత్తు. అంతకు మించి జాగా లేదు. అందులో పదిమందికీ తెలిసిన మనుషులు పదిమందికీ తెలిసేలా రావాలి.

"ముఖం జోలికి పోకు" అన్నాడు మరిది. "ముందు మొత్తం నల్లగా నింపు. గోడ మీద నీడ చూసి ఎవరొస్తున్నారో పోల్చుకోవూ, అలా తెలియాలి. నీడలో తెలియని మనిషి, రంగులు పూసినా తెలియడు."

ఇస్త్రీ బాబాయి తేలిగ్గా వచ్చాడు. ఒక భుజం కిందికి, చేతిలో పెట్టె, ముందుకు వంగిన వీపు. గళ్ళక్క బొమ్మకు చెవి మీద దోపిన పెన్సిలు, ఒకే ఒక్క చుక్క బయటికి. సూదక్క దగ్గర బండి ఆగిపోయింది. జుట్టు ముడి గీస్తే ఎవరో పంతులమ్మలా ఉంది. సూది పెడితే సైనికుడిలా ఉంది. రెండు రోజులు గళ్ళక్క భోజనాల హాల్లో దొంగచూపులు చూసింది. మూడోరోజు సూదక్క నీళ్ళ పంపు దగ్గర నిలబడి ఎవరినో కడిగేస్తోంది. గడ్డం పైకి, రెండు చేతులూ నడుము మీద, మోచేతులు బయటికి. గళ్ళక్క తింటున్న ముద్ద ఆపేసింది. రెండు చెవుల కూజా! మనిషి అచ్చం రెండు చెవుల కూజా!

ఆ సాయంత్రం గడ్డం కింద ఒక చుక్క చెరిపింది. తల పైకి లేచింది. మోచేతులు చెరో చుక్క బయటికి జరిపింది. అంతే. తెర మీద సూదక్క నిలబడి ఆమెకేసే చూస్తోంది. గళ్ళక్క కుర్చీతో సహా వెనక్కి జరిగింది.

"అమ్మో! తిడుతుందిరా ఇది!"

నల్లటి నీడలు మూడూ ముద్రించి, మర్నాడు ఇస్త్రీ బల్ల మీద పెట్టింది. "వీళ్ళెవరు బాబాయ్?"

ఆయన కాగితాన్ని చాచిన చేత్తో పట్టుకున్నాడు. "ఇది నేను. ఈ చెవి పెన్సిలు నువ్వు. ఈ మూడోది..." గొంతు తగ్గించాడు. "ఇప్పుడే నాచేత ఏదో చెప్పించబోతోంది."

గళ్ళక్క ఆనందానికి ఆ రోజు ఒక నమూనాలో జింకకు అయిదు కాళ్ళు పెట్టబోయి ఆగింది.

ఇక పరుగే. ప్రతి రంగుకూ మూడు ఛాయలు చాలు: ముదురు, నడిమిది, లేత. వెలుగు ఎడమవైపు కిటికీ నుంచి వస్తుందని ఒకసారి అనుకుంటే, అన్ని ఫ్రేముల్లోనూ అక్కడినుంచే రావాలి. వెనక గోడ రంగు చప్పగా ఉంచాలి, మనుషులు ముందుకొస్తారు. కనుబొమ చుక్క ఒకటి కిందికి దించితే కోపం, పైకి జరిపితే ఆశ్చర్యం, చెరిపేస్తే అలసట. ఇది తెలిసిన రోజు ఆమె ఇంటికి వెళ్ళి భర్త కనుబొమలు చూస్తూ కూర్చుంటే, ఆయన భయపడి ఏం తప్పు చేశానని అడిగాడు. ఒక్క ఒళ్ళు గీసి పధ్నాలుగు ఒళ్ళు చేసింది, చేతులు మాత్రం మారుస్తూ. అసలు బొమ్మల్ని విడిగా ఒక కాగితంలా పేర్చి దాచింది, ఎప్పుడైనా చెడిపోతే మళ్ళీ తీసుకోవడానికి.

ఒకసారి ఆత్రానికి బొమ్మను ఒకటిన్నర రెట్లు పెద్దది చేసింది. సూదక్కకు ఒక కన్ను చుక్కంత, ఒక కన్ను రెండు చుక్కలంత వచ్చాయి.

"రెట్టింపు చెయ్, మూడింతలు చెయ్, పదింతలు చెయ్" అని మొత్తుకున్నాడు మరిది. "ఒకటిన్నర జోలికి మాత్రం పోకు. చుక్కను సగానికి కోస్తే చుక్క ఊరుకోదు. ఇంకోటి, ఫోటోలు దాచే పద్ధతిలో దాచావా అంచులన్నీ మురికిపడతాయి. పీఎన్‌జీ అనే పద్ధతిలో దాచు."

కథ పది ఫ్రేములు. కాగితాలు అంటించడం, జిగురు కింద వరుస దాక్కోవడం, గుంటలో జింక, తలలు పట్టుకున్న జనం. ఆరో ఫ్రేము దగ్గర గళ్ళక్క వేళ్ళు ఆగిపోయాయి. పెన్సిలు చెవి బొమ్మ నెత్తిన ఖాళీ బుడగ. కాసేపటికి రాసింది: 'ఒకసారి చూసుకుంటే బాగుండేదేమో.'

"ఇలాగే అన్నావా?" అన్నాడు మరిది.

"ఇంచుమించు ఇలాగే."

"ఇంచుమించుకే మూడేళ్ళు మాట మానేసిందా?"

గళ్ళక్క అతనికేసి కోపంగా చూసింది. తర్వాత చెరిపేసి, అన్నది అన్నట్టే రాసింది: 'మొదటిది అతికాక ఒకసారి చూసుకోవద్దూ?' రాశాక లేచి బయటికి వెళ్ళి, మెట్ల దగ్గర కాసేపు నిలబడి వచ్చింది.

ఏడో ఫ్రేములో సూదక్క విసరాలి. ఆ రోజు ఆమె విసిరింది దారపు కండె, పొడుగాటి శంకువులా ఉండే అట్టకు చుట్టింది. అది గళ్ళక్క భుజానికి తగిలి దొర్లుకుంటూ పోయింది. తెర మీద కండెకు ఉన్న జాగా ఎనిమిది చుక్కలు. మొదటిసారి క్యారెట్టులా వచ్చింది. తలకిందులు చేస్తే టోపీలా వచ్చింది. రంగు మారిస్తే సూదక్క ఐస్‌క్రీము విసురుతున్నట్టుంది.

"కత్తెర పెట్టెయ్ వదినా. రెండు గుండ్రాలు, ఒక ఇంటూ మార్కు. గుడ్డివాడికైనా తెలుస్తుంది."

"కత్తెర కాదు కదరా విసిరింది."

"ఇంత చిన్న బొమ్మలో పోలిక ముఖ్యం. ఎవరు పట్టించుకుంటారు?"

మర్నాడే కాగితం గోడకెక్కాలి. కత్తెర ఏడు చుక్కల్లో టక్కున కుదిరింది. గళ్ళక్క మనసు పీకుతూనే ఉంది గానీ, వదిలేసింది. ఆఖరి ఫ్రేములో చెవి పెన్సిలు బొమ్మ ఒక్కటే నిలబడి ఉంటుంది. బుడగలో: 'తప్పు నాది. వరుస నాకు కనబడలేదు. నీ మీదికి నెట్టాను.'

సూపర్‌వైజరు గోడకు అనుమతి ఇచ్చే ముందు కాగితాన్ని రెండుసార్లు వెతికాడు. తాను ఎక్కడా లేనని రూఢి చేసుకుని సంతకం పెట్టాడు.

విభాగం తరలిపోవడానికి రెండు రోజులే ఉన్నాయి. భోజనం గంట కొట్టేసరికి గోడ ముందు గుంపు. "బాబాయి వీపు చూడండే!" "ఆ జింక గుంటలో పడింది చూశావా!" "ఒసేయ్, ఈ కూజా ఎవరో తెలిసిందా?" నవ్వులు. గళ్ళక్క నీళ్ళ పంపు దగ్గర నిలబడి గ్లాసు పట్టింది. గ్లాసు నిండి, పొర్లి, చెప్పులు తడుస్తున్నా పంపు కట్టలేదు.

సూదక్క డబ్బా పట్టుకుని లోపలికి వచ్చింది. గుంపు రెండుగా చీలి దారిచ్చింది. ఆమె పై వరుస ఎడమ మూల నుంచి చదవడం మొదలుపెట్టింది. మూడో ఫ్రేము దగ్గర ముక్కుతో ఏదో శబ్దం చేసింది. ఆరో ఫ్రేము దగ్గర పెదాలు కదిలాయి. ఏడో ఫ్రేము దగ్గర ఆగింది. ఆగి, అక్కడే ఉండిపోయింది. పదోది చదివింది. మళ్ళీ ఏడోదానికి వచ్చింది.

"బాబాయ్!" అంది, గోడ మీంచి చూపు తిప్పకుండా. "నేను విసిరింది కత్తెర కాదని ఆవిడకు చెప్పు."

ఇస్త్రీ బాబాయి గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, కత్తెర..."

"కత్తెరలు విసిరే మనిషినా నేనని అడుగు. కన్ను పోతే ఎవరిది పూచీ అని అడుగు."

"అమ్మాయ్, కన్ను..."

"నీకు అడగడం చేతకావట్లేదు, తప్పుకో బాబాయ్!" సూదక్క గిర్రున తిరిగింది. "ఏమే! కళ్ళున్నాయా నీకు? నేను విసిరింది కండె! నీలం దారం కండె. అదీ సగం అయిపోయింది. మధ్యలో కత్తెర ఎక్కడినుంచి తెచ్చావే?"

పంపు ఇంకా పోస్తూనే ఉంది. ఏమే అంది. మూడేళ్ళ తర్వాత, మధ్యలో ఎవరూ లేకుండా, ఏమే అంది. గళ్ళక్క ఏడవాలో నవ్వాలో తెలియక అరిచింది.

"కండె ఎనిమిది చుక్కల్లో రాలేదే! క్యారెట్టులా వచ్చింది!"

"రాకపోతే నన్ను హంతకురాలిని చేస్తావా?"

"టోపీలా కూడా వచ్చింది!"

"నీకు రాకపోతే నన్నడగాలి. పాతికేళ్ళుగా కండెలు పట్టుకుంటున్నదాన్ని."

"నువ్వు మాట్లాడితే కదే అడగడానికి!"

సూదక్క డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"మిగతాదంతా సరిగ్గానే ఉంది" అంది, ఈసారి గొంతు తగ్గించి. "ఆరోది కూడా." తర్వాత మళ్ళీ పెద్ద గొంతుతో, "ముందా పంపు కట్టు!"

బాబాయి బల్ల దగ్గర కూలబడి, "అమ్మయ్య, నా నోరు నాకు దక్కింది" అని, ఆ నోటి నిండా భోజనం పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం మెట్ల కింద గదిలో మూడో స్టూలు వేయాల్సి వచ్చింది. మరిది గోడకు అంటుకుపోయి కూర్చున్నాడు. సూదక్క తెర మీద వేలు పెట్టి చూపిస్తోంది, వేలి ముద్రలు పడుతున్నాయి, అతను తుడిచే ధైర్యం చేయడం లేదు.

"కండెను కండెలా గీస్తే ఎలా తెలుస్తుందే? విసిరినప్పుడు దారం కొస వెనకాల సాగుతూ వస్తుంది. ఆ దారం ఏదీ?"

గళ్ళక్క ఎనిమిది చుక్కల శంకువు పెట్టింది. దాని వెనక ఒక్కో చుక్కా వంపుగా పేర్చుకుంటూ సూదక్క బొమ్మ చేతిదాకా నీలం దారం లాగింది. కండె మీద అడ్డంగా ఒక లేత నీలం గీత. ముగ్గురూ ఒకేసారి ముందుకు వంగారు. క్యారెట్టు మాయమైంది, టోపీ మాయమైంది. గాలిలో కండె ఎగురుతోంది, దారం విప్పుకుంటూ!

"వచ్చింది! వచ్చిందే!" గళ్ళక్క సూదక్క భుజం మీద చరిచింది.

"రాక చస్తుందా" అంది సూదక్క. కళ్ళు మాత్రం తెర మీదే ఉన్నాయి. కాసేపు చూసి తల అడ్డంగా ఊపింది. "ఒకటి మాత్రం తప్పు. అది నీ భుజం మీదికి పోతోంది."

"భుజానికే కదా తగిలింది?"

"తగిలింది భుజానికి. నేను గురిపెట్టింది తలకి."

గళ్ళక్క మౌస్ వదిలేసి ఆమెకేసి తిరిగింది. "నిజంగానా?"

"నిజంగానే. అదొక్కటే తప్పింది ఆ రోజు. జరిగింది జరిగినట్టు గీస్తున్నావుగా, ఇంకో ఫ్రేము పెట్టు."

"పెడతా. నీ ముఖం ఎలా ఉండాలి అందులో?"

సూదక్క స్టూలు మీంచి లేచి, ఆ ఇరుకు గదిలో, తీగల మధ్య, గడ్డం పైకెత్తి, కళ్ళు చికిలించి, చెయ్యి వెనక్కి లాగి నిలబడింది.

"ఇలా. త్వరగా గియ్యవే, చెయ్యి లాగుతోంది."